పెండ్లి చీరలో గీత

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి తిమ్మప్ప షావుకారు గద్వాల కోట వెనక వీధిలో భాగ్యమ్మ ఇంటికి వచ్చాడు. మగ్గం మీదున్న పెండ్లి చీరను ఉన్నకాడికి కోసి ఇమ్మన్నాడు. కోయడం ఇష్టం లేకపోతే సాక్సోఫోన్ ఇమ్మన్నాడు. రెండింట్లో ఒకటి చేతికి రానిదే గడప దిగనన్నాడు.

ఇప్పటిదాకా సంగతి ఇది. భాగ్యమ్మకు నలభై మూడేళ్ళు. తిమ్మప్ప ఇచ్చే పడుగు మీద ఇరవై ఏళ్ళుగా చీరలు నేస్తుంది. ఎండాకాలంలో ఒక పెండ్లికి వనపర్తి పోయినప్పుడు, చర్చి సందులో ఒక ముసలాయన తన ఇంటి అరుగు మీద కూర్చుని సాక్సోఫోన్ వాయించడం విన్నది. ఆయన పేరు ఏసురత్నం. వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాద్‌లో రైల్వేవాళ్ళ క్లబ్బు డాన్సులకు వాయించినవాడు. తర్వాత వనపర్తి పెండ్లి బ్యాండులో సినిమా పాటలు వాయించి పిల్లలను పెంచినవాడు. ఆ పూట వాయిస్తున్నది సినిమా పాట కాదు, చర్చి పాట కాదు. "దీన్ని జాజ్ అంటరమ్మా," అని చెప్పాడు. "నాకు వస్తదా సారు?" అని భాగ్యమ్మ అడిగింది. ఆయన నవ్వలేదు. వేళ్ళు చాపమన్నాడు, చూశాడు, లోపలికి పోయి తన పాత సాక్సోఫోన్ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. అప్పటి నుంచి ప్రతి గురువారం ఆమె ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారి వనపర్తి పోయి నేర్చుకుని వస్తుంది. మొన్న ఆదివారం మిద్దె మీద వాయిస్తుంటే గల్లీలో ఎవరో ఫోన్‌లో తీశారు. ఆ వీడియో చేతులు మారి కల్వకుర్తి చేరింది. ఏ ఇంటి పిల్లకైతే ఆమె పెండ్లి చీర నేస్తుందో, ఆ ఇంటికే చేరింది.

తిమ్మప్ప చెప్పులు బయట విడిచి వచ్చి, మగ్గం గుంట పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. రాయచూరు వైపు నుంచి వచ్చి గద్వాలలో నిలిచిన కుటుంబం. కోపం వస్తే మాటలో కన్నడం దొర్లుతుంది.

భాగ్యమ్మ గుంటలోంచి లేవలేదు. ఆమె కాళ్ళు తొక్కుడు చెక్కల మీదే ఉన్నాయి.

"కూసోండ్రి షావుకారీ, చాయ్ పెడ్త."

"చాయ్ బేడ. నాకేం వద్దు. సుమ్మనె రాలేదు నేను, పని పడి వచ్చిన. ముందుగాల అది యాడ ఉన్నది?"

"ఏది?"

"గదే. నీ బూర."

"మంచం మీద పండుకున్నది. లేపాల్నా?"

భర్త మల్లేశ్ మూలన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాడు. నవ్వు బయటికి రాకుండా దగ్గాడు.

"నవ్వు మల్లేశ్, నవ్వు. నీ పెండ్లామే గదా," అన్నాడు తిమ్మప్ప. "పొద్దుగాల ఆరింటికి కల్వకుర్తి నుంచి రాధమ్మ ఫోన్ చేసింది. పిల్లకు నాయనమ్మ. ఆ ఇంట్ల ఆమె మాటే చెల్లుతది. ఏమన్నదో చెప్పాల్నా? 'బ్యాండోళ్ళు మూతి పెట్టిన బూరకు మూతి పెట్టే ఆడామె నేసిన చీర, నా మనుమరాలు పీటల మీద ఎట్ల కట్టుకుంటది తిమ్మప్పా? ఎంగిలి చీర మాకొద్దు' అన్నది. నేనేం జెప్పాలె?"

"మీరేం జెప్పిండ్రు?"

"మాట్లాడ్త అన్న."

"అయితే మాట్లాడుండ్రి."

"మాట్లాడుతున్న గదా! బూర ఇయ్యి. నా దుకాణంల పెట్టి తాళం ఏస్త. లేకుంటె చీర కోసి ఇయ్యి, ఇంకోళ్ళ తోటి కొత్తది నేపిస్త."

పక్కింటి నర్సమ్మ గోడ మీదుగా తల పెట్టింది. ఆ గోడ రెండిళ్ళ మధ్య నడుమెత్తు కూడా ఉండదు.

"ఏందక్కా, పొద్దు పొద్దుగాల లొల్లి? మొన్న మిద్దె మీద సప్పుడైతే మీ బర్రె ఈనుతున్నదనుకుని ఉరికొచ్చిన."

"మాకు బర్రె యాడిది నర్సమ్మా?"

"అదే గదా నా పరేషాన్."

"చాయ్ కావాల్నా నీకు, వార్త కావాల్నా?"

"రెండూ పోస్తె తాగుత," అని నర్సమ్మ గోడ మీద మోచేతులు ఆనించుకుంది.

పడుగు మధ్య పోగును అటూ ఇటూ మోసే నాడె భాగ్యమ్మ చేతిలో ఉంది. అందులో కండె అయిపోయింది. ఖాళీ కండె తీసి, మల్లేశ్ చుట్టిన కొత్తది పెట్టింది. నాడె పక్కనున్న కన్నానికి మూతి ఆనించి ఒక్క పీల్పు పీల్చింది. పోగు కొస కన్నంలోంచి నాలుక మీదికి వచ్చింది. రెండు వేళ్ళతో దాన్ని బయటికి లాగింది. రెప్పపాటు పని. చేసినవాళ్ళు చేసినట్లు గుర్తుపెట్టుకోరు, చూసినవాళ్ళు చూసినట్లు గుర్తుపెట్టుకోరు. ఆమె మాత్రం ఈసారి నాడెను విసరలేదు. తిమ్మప్ప ముందు పెట్టింది.

"షావుకారీ, నేనిప్పుడేం జేసిన?"

"ఏం జేసినవ్?"

"నాడెకు మూతి పెట్టి పోగు పీల్చిన. కండె మారినప్పుడల్ల పీలుస్త. మీరు గూడ నేసినోళ్ళే, మీ నాయిన నేసిండు. మీరెట్ల తీసిండ్రు పోగు? మంత్రం జదివి తీసిండ్రా?"

మల్లేశ్ రాట్నం ఆగింది.

"గిది వేరు," అన్నాడు తిమ్మప్ప.

"ఎట్ల వేరు?"

తిమ్మప్ప నాడె వైపు చూశాడు. "గిది మన ఎంగిలి."

"ఓహో. రాధమ్మ పెద్దమ్మ పెండ్లి అయినకాడి నుంచి కట్టుకున్న పట్టు అంచు చీరలన్ని నేతోళ్ళ నోట్లకెల్లి వచ్చినయే. అది తీపైంది ఆమెకు. ఏసురత్నం సారు నోరు చేదైందా?"

"నా మీద ఎందుకు ఎగురుతవ్? నేనన్ననా ఆ మాట?"

"మోసుకొచ్చింది మీరే గదా."

గోడ మీద నర్సమ్మ "అబ్బో" అన్నది. ఎవరి తరఫున అన్నదో తెలియలేదు.

తిమ్మప్ప స్టూలు మగ్గానికి దగ్గరగా జరుపుకున్నాడు. జేబులోంచి భూతద్దం తీశాడు. మాట అందనప్పుడు బట్ట చూడడం అతని అలవాటు. బట్టలో ఏదో ఒకటి దొరకకపోదు. మగ్గం మీద నేసినంతవరకు కనబడుతున్న బట్టను చూశాడు. చుట్టిన భాగం విప్పమన్నాడు. భాగ్యమ్మ విప్పింది. అతను కిటికీ వెలుగు కిందినుంచి పడేలా బట్టను రెండు చేతులతో ఎత్తి, అద్దాన్ని మెల్లగా జరుపుకుంటూ పోయాడు. నేత ఆగిన చివర దగ్గర ఆగాడు.

"ఇది ఎప్పుడు నేసినవ్?"

"ఏది?"

"ఇగో, ఇక్కడికెల్లి ఇక్కడిదాక."

భాగ్యమ్మ వంగి చూసింది. ఆమెకు అద్దం అక్కరలేదు. జానెడు మేర బట్టలో ఒక పోగు దగ్గరగా, ఒక పోగు ఎడంగా ఉంది. మళ్ళీ ఒకటి దగ్గరగా, ఒకటి ఎడంగా. వెలుగుకు పెడితే ఆ జానెడూ గీతలు గీతలుగా కనిపించింది.

నేతలో ప్రతి పోగునూ బట్టకు అదమడానికి పలక గుంజి కొట్టే దెబ్బ సమంగా పడాలి. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా పడితే పోగుల మధ్య తేడా వస్తుంది. కట్టుకున్నవాళ్ళకు అది తెలియకపోవచ్చు. నేసేవాళ్ళకు తెలుస్తుంది. ఒకరు మొదలుపెట్టిన చీరను ఇంకొకరు ముగించకపోవడం కూడా ఇందుకే. ఎవరి దెబ్బ వారిది. చెయ్యి మారిన చోటును బట్టే పట్టిస్తుంది. భాగ్యమ్మ చెయ్యి మారదని వీధిలో పేరు. పెండ్లి చీరలు ఆమె మగ్గానికే రావడానికి కారణం ఆ పేరే.

"శుక్రవారం నేసిన," అన్నది ఆమె. "దాని తర్వాత నెయ్యలేదు, ఈ పొద్దే మళ్ళ దిగిన."

అంతకు ముందురోజు గురువారం.

ఆ గురువారం వనపర్తిలో ఆమె ఏసురత్నం ముందు ఒక పాట మొదటి నుంచి చివరి దాకా వాయించింది. తాళం కొలతకు ఆయన గది అంటాడు. అది పన్నెండు గదుల పాట. స్వరం ఒక్కటి తప్పలేదు. కింది పెదవిని పంటి మీదికి మడిచి పట్టుకోవడం వల్ల లోపల పుండు పడింది, అయినా మూతి దగ్గరి సన్న బద్ద, రీడు, కీచుమనలేదు. ఏసురత్నం కళ్ళు మూసుకుని విన్నాడు.

"అమ్మా, నువ్వు వాయిస్తలేవు. నేస్తున్నవ్," అన్నాడు.

"ఎట్ల సారు?"

"ఎనిమిది సురాలు ఊదినవనుకో, ఎనిమిదీ ఒక్క తీరు. దెబ్బ దెబ్బకు సమానం. గిట్ల కాదు. మొదటిది సాగాలె. రెండోది దాని తోక పట్టుకుని రావాలె. దా—ద, దా—ద, దా—ద. దీన్ని స్వింగ్ అంటరు. ఇది లేకుంటె నువ్వు ఊదేది జాజ్ కాదు, బడిల జనగణమన."

ఆమె మళ్ళీ వాయించింది. సమంగానే వచ్చింది. మళ్ళీ వాయించింది. ఇంకా సమంగా వచ్చింది.

"భజనల చప్పట్లు యాడ కొడ్తరు?" అని అడిగాడు ఏసురత్నం.

"మొదట్ల."

"మనది మొదట్ల కాదు. రెండు మీద కొట్టు, నాలుగు మీద కొట్టు."

ఆమె కొట్టింది. రెండు చుట్లు నిలిచింది. మూడో చుట్టుకు చప్పట్లు జారిపోయి మొదటి దెబ్బ మీదికే వచ్చి కూర్చున్నాయి.

"ముప్పై ఏండ్ల సంది సమంగ కొడ్తున్న చెయ్యి సారు. మాట ఇంటలేదు."

ఏసురత్నం గోడ పట్టుకుని లేచాడు. కుడి మోకాలికి ఆపరేషన్ అయిన మనిషి. అరుగు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. బాగున్న కాలు సాగింది, బాగా లేని కాలు దాని వెంట దబ్బున పడింది. "దా—ద, దా—ద. చూడు. దవాఖానోళ్ళు దీన్ని కుంటుడు అన్నరు. నేను స్వింగ్ అన్న. ఇద్దరం పైసలు తీసుకున్నోళ్ళమే, ఎవరి మాట వాళ్ళది." భాగ్యమ్మ నవ్వు ఆగక సాక్సోఫోన్ నోట్లోంచి తీసేసింది. నవ్వయ్యాక ఊదితే ఒక గదిలో వచ్చింది. దా—ద. వచ్చినట్టు ఇద్దరికీ తెలిసింది.

అది మళ్ళీ పోతుందని ఆమె భయం. బస్సులో పెబ్బేరు దాటేదాకా ముందు సీటు కమ్మీ మీద వేలితో కొడుతూ వచ్చింది. శుక్రవారం మగ్గంలో దిగాక కూడా లోపల పాడుకుంటూనే నేసింది. నోరు పాడితే కాళ్ళు తొక్కుడు చెక్కల మీద దానికి తగినట్టు పడ్డాయి. కాళ్ళ వెంట చేతులు పోయాయి. ఆ పూట ఆమెకు సంతోషంగా ఉంది. బట్ట వైపు చూసుకోలేదు.

ఇప్పుడు చూసింది.

"నూలు సరిగ లేదేమో షావుకారీ," అన్నాడు మల్లేశ్. "ఈసారి వచ్చిన నూలు—"

"నూలు మంచిదే," అన్నది భాగ్యమ్మ. "నేనే కొట్టిన గట్ల."

మల్లేశ్ మళ్ళీ రాట్నం వైపు తిరిగాడు.

"చూసినవా?" అన్నాడు తిమ్మప్ప. గొంతు ఇంతకు ముందంత ఎత్తుగా లేదు. "ఎంగిలి సంగతి ఇడ్సిపెట్టు. రాధమ్మ ముసల్ది, ఆమెకేం తెల్సు నేత గురించి. నేను నేతోణ్ణి. గిన్నేండ్లల్ల నీ చేతుల గీత చూడలె. బూర నీ చేతులకొచ్చింది భాగ్యమ్మా. ఇంకా పోతది, లోపలికి పోతది. కత్తెర తే."

గోడకు మేకు ఉంది, మేకుకు కత్తెర ఉంది. భాగ్యమ్మ చెయ్యి చాపి తీసి, బట్ట మీద తిమ్మప్పకు అందేలా పెట్టింది.

"నేను కొయ్య. మీరే కొయ్యుండ్రి."

తిమ్మప్ప కత్తెర తీసుకున్నాడు. వేళ్ళు దూర్చాడు. పడుగు పోగుల దాకా తెచ్చాడు. పెండ్లి చీరను సగంలో కోసిన ఇల్లు ఆ వీధిలో లేదు. చీర వంకరగా వస్తే వచ్చిందని, రంగు తేలితే తేలిందని, ముగించి దించాల్సిందే. సగంలో కోసిన చెయ్యి మళ్ళీ పెండ్లి చీర ముట్టదని అతని తండ్రే అతనికి చెప్పి ఉంటాడు. నర్సమ్మ గోడ మీదినుంచి "అయ్యో, షావుకారీ" అన్నది. తిమ్మప్ప కత్తెరను స్టూలు కింద పెట్టాడు.

"గీత నాది," అన్నది భాగ్యమ్మ. "నేనే తీస్త. జానెడు ఊడదీసి మళ్ళ నేస్త. మీ ముందటనే నేస్త. మళ్ళ గీత పడిందనుకో, బూర తీస్కపోండ్రి, నేనడ్డం రాను."

"పడకపోతే?"

"పడకపోతే మీరు దాని పేరెత్తొద్దు."

"సరే."

"జర ఆగుండ్రి. ముందు వాయిస్త, తర్వాత నేస్త."

"ఏందీ?"

"వాయించకుంట నేస్తె రేపు మళ్ళ వస్తరు మీరు. 'ఆ దినం వాయించలేదు గనుక మంచిగొచ్చింది' అంటరు. వాయించినంక గూడ నా చెయ్యి నా మాట ఇంటదా లేదా చూసి పోండ్రి."

తిమ్మప్ప మల్లేశ్ వైపు చూశాడు. మల్లేశ్ భుజాలు ఎగరేశాడు. "నేను చెప్తె ఇంటదా షావుకారీ? ఇనేదుంటె సాక్సోఫోన్ కాడికి పోయేదే కాదు," అన్నాడు.

భాగ్యమ్మ గుంటలోంచి లేచి, మంచం మీదున్న సాక్సోఫోన్ తెచ్చుకుంది. పట్టీ మెడకు వేసుకుంది. పట్టీ ఒరిసి మెడ మీద నల్లటి గుర్తు పడింది. దాన్ని కొంగుతో కప్పుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది. రీడును నోట్లో పెట్టుకుని తడిపింది. ఏసురత్నం నియమం ప్రకారం ముందు ఒకటే స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు పట్టింది. ఊపిరి కడుపులోంచి రావాలి, బుగ్గలు ఉబ్బకూడదు. బుగ్గలు కొంచెం ఉబ్బాయి. రెండోసారి ఉబ్బలేదు. తర్వాత పాట ఎత్తుకుంది.

మగ్గం కాళ్ళదని, పాట నాలుకదని ఆమె అప్పుడే అనుకుంది. రెండు పాదాలూ నేలకు అదిమిపెట్టి, నాలుక కొసతోనే రీడును తాకింది. దా—ద. మొదటి గదిలో వచ్చింది. రెండో గదిలో వచ్చింది. మూడో గదిలో పోయింది. మధ్యలో రీడు కీచుమంది.

"ఈనింది!" అన్నది నర్సమ్మ.

భాగ్యమ్మ ఆపలేదు. పోయినదాన్ని వెతుక్కుంటూ చివరి దాకా వాయించింది. ఎనిమిదో గదిలో మళ్ళీ ఒకసారి దొరికింది. అంతే. వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు గడప దగ్గర నిలబడ్డారు. ఆమె సాక్సోఫోన్ మంచం మీద పెట్టి గుంటలో దిగింది.

నేయడం కన్నా ఊడదీయడం కష్టం. ఒళ్ళు నూలు, అంచులు పట్టు ఉండే కుప్పడం చీర కాబట్టి, నూలు పోగులూ పట్టు పోగులూ కలిసే చోట ముడిపడి ఉంటాయి. ఒక్కొక్క పోగునూ ఆ ముడి దగ్గర వదులు చేసి వెనక్కి తీయాలి. లాగితే పడుగు తెగుతుంది. ఒక పక్క భాగ్యమ్మ, ఒక పక్క మల్లేశ్ కూర్చుని తీశారు. తిమ్మప్ప వద్దన్న చాయ్ తాగాడు. నర్సమ్మ తెచ్చిన జొన్నరొట్టె కూడా తిన్నాడు. మధ్యలో అంచు పట్టు తెగబోతే అతనే వంగి వేలితో పట్టుకున్నాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ముగ్గురూ నేతవాళ్ళు.

జానెడు ఊడింది. భాగ్యమ్మ నేయడం మొదలుపెట్టింది.

పది దెబ్బలు పడ్డాయో లేదో, మల్లేశ్ మెల్లగా అన్నాడు. "నోరు మూసుకుని నెయ్యి."

"మూసుకునే ఉన్న."

"లోపల పాడ్తున్నవ్. గొంతు కదుల్తుంది."

ఆమె చెయ్యి ఆగింది. ఆ పది పోగులూ తీసేసింది. పెదవులు బిగించి మళ్ళీ మొదలుపెట్టింది. నాడె పోయింది, వచ్చింది, పలక పడింది. ఆ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. మగ్గంలో పాట లేకుండా ఆమె ముప్పై ఏళ్ళు నేసింది. ఆ పూట మాత్రం అలా నేయడానికి బలం పెట్టాల్సి వచ్చింది.

నాలుగు వేళ్ళ మేర అయ్యాక తిమ్మప్ప చెయ్యి చూపి ఆపమన్నాడు. అద్దం పెట్టాడు. ఈ అంచు నుంచి ఆ అంచుకు జరిపాడు. మళ్ళీ ఆ అంచు నుంచి ఈ అంచుకు. కిటికీ వెలుగుకు ఎత్తి చూశాడు. అద్దం మడిచి జేబులో వేసుకున్నాడు.

"లేదు," అన్నాడు. "గీత లేదు."

నర్సమ్మ గోడ మీద చెయ్యి చరిచింది. భాగ్యమ్మ నాడె అందుకోబోయింది. తిమ్మప్ప స్టూలు మీదినుంచి లేవలేదు.

"ఇంకోటుంది," అన్నాడు.

"ఏంది షావుకారీ?"

"రాధమ్మ ఒంటిగంటకు మళ్ళ ఫోన్ చేస్త అన్నది. మానేసిన అని నీ నోటితోనే ఇంటదంట. అప్పుడే చీర తీసుకుంటదంట. ఒక్క మాట చెప్పు. తర్వాత నీ ఇష్టం, నేనడగ. మిద్దె మీద కాకుంట తలుపేసుకుని ఊదుకో. ఆమెకేం తెల్సు కల్వకుర్తిల కూసుండి?"

"పేరెత్తను అన్నరు గదా ఇప్పుడే."

"నేనెత్తుతలేను తల్లీ. ఆమె ఎత్తుతుంది."

"అబద్ధం చెప్పాల్నా?"

"అబద్ధం ఎందుకైతది? పెండ్లి అయ్యేదాక ఒక మాట. ఇగ విను, నేను భయపెడ్తలేను, ఉన్నది చెప్తున్న. ఆమె చీర వద్దన్నదనుకో, ఆ మాట ఆడ ఆగదు. రేపు ఇంకోళ్ళు అడుగుతరు, 'ఆ బూరామె నేసిందేనా?' అని. అప్పుడు నీకు పడుగు ఎట్ల ఇయ్యాలె నేను? నేను గూడ అమ్ముకునేటోణ్ణే."

అతను చెప్పింది నిజం. భాగ్యమ్మకు తెలుసు. ఈ చీర దిగాక వచ్చే పడుగు తిమ్మప్ప ఇంటి నుంచే రావాలి. అది రాకపోతే గుంట మీద చాప కప్పడమే.

"చెప్పెయ్యే," అన్నాడు మల్లేశ్. ఈసారి అతని మాటలో ఎగతాళి లేదు. "ఒక్క మాటకు ఏం పోతది?"

భాగ్యమ్మ నాడెను ఒళ్ళో పెట్టుకుంది.

"మొదట్ల బస్సుల ఎవరన్న అడిగితే దవాఖానకు పోతున్న అనేదాన్ని. మోకాళ్ళ నొప్పులని చెప్పేదాన్ని. పెబ్బేరు బస్సు కండక్టరమ్మ గురువారం గురువారం అడిగేది, 'అక్కా, తగ్గిందా మోకాలు?' అని. ఇంకో నూనె పేరు చెప్పేది. ఒక దినం ఇంటికాడికెల్లి నూనె సీసనే తెచ్చిచ్చింది పాపం. ఆ సీస చేతుల పట్టుకున్న చూడు, గప్పుడు సిగ్గయింది నాకు. సారు కాడికి పోతున్న, సాక్సోఫోన్ నేర్చుకుంటున్న అని బస్సంత ఇనేటట్టు చెప్పిన. ఇగ మళ్ళ దవాఖాన అన్లేదు."

"నూనె ఏం జేసినవ్ అక్కా?" అని నర్సమ్మ అడిగింది.

"సారు మోకాలికిచ్చిన."

తిమ్మప్ప ఫోన్ మోగింది. తెర మీద రాధమ్మ పేరు. అతను స్పీకర్ పెట్టి, లేచి నిలబడి, ఫోన్‌ను స్టూలు మీద ఉంచాడు.

"ఎవరూ, తిమ్మప్పేనా?"

"నేనే పెద్దమ్మా. ఆమె గీడనే ఉన్నది. మాట్లాడండ్రి."

"ఏమమ్మా, వీడియోల ఊదింది నువ్వేనా?"

"నేనే," అన్నది భాగ్యమ్మ.

"మిద్దెక్కి?"

"మిద్దెక్కే. ఇంట్ల ఉక్కపోస్తది."

"మొగనికి తెల్సా?"

"తెల్సు పెద్దమ్మా, నేను గూడ గీడనే ఉన్న," అన్నాడు మల్లేశ్.

"నిన్నడగలె," అన్నది రాధమ్మ. "చూడమ్మా, నాకు నీతోటి పగ లేదు. చీర మంచిగ నేస్తవని తిమ్మప్ప చెప్పిండు. నా మనుమరాలు పీటల మీద కట్టుకునేది. అందుకే అడుగుతున్న. మానేసినవా, లేదా? ఒక్కటే మాట చెప్పు, నా చెవితోటి ఇంట."

తిమ్మప్ప చప్పుడు లేకుండా పెదవులు కదిపి చూపించాడు. మానేసిన. మల్లేశ్ నేల చూస్తున్నాడు. నర్సమ్మ గోడ మీదినుంచి మోచేతులు తీసింది.

భాగ్యమ్మ గుంటలోంచి లేచింది. మంచం దగ్గరికి పోయి పట్టీ మెడకు వేసుకుంది. రీడు ఆరిపోయింది. నోట్లో పెట్టుకుని తడిపింది.

"ఏం పలుకవ్? ఉన్నవా?" అన్నది రాధమ్మ.

"ఉన్న పెద్దమ్మా. ఇనుండ్రి."

స్టూలు ముందు నిలబడి, సాక్సోఫోన్ మూతిని ఫోన్ మీదికి వంచి ఊదింది. తిమ్మప్ప ఫోన్ ఆపడానికి చెయ్యి చాపాడు. మల్లేశ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళలో అతను షావుకారును ముట్టుకోవడం అదే మొదలు. తిమ్మప్ప విడిపించుకోలేదు.

ఆమె మొదటి గది నుంచి పన్నెండో గది దాకా వాయించింది. ఒకచోట రీడు కీచుమంది. ఒకచోట ఊపిరి చాలక స్వరం ముందే తెగింది. వాయించడం ఆపలేదు.

పాట అయిపోయింది. ఆమె సాక్సోఫోన్ నోట్లోంచి తీసి, కొంగుతో పెదవి తుడుచుకుంది. ఫోన్‌లోంచి మాట రాలేదు. తెర మీద కాల్ సమయం అంకెలు మారుతున్నాయి. కల్వకుర్తిలో ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.